గుద్దులున్నాయి, తన్నుల్లేవు

మదనపల్లె టమాటా మార్కెట్టు పొద్దున్నే దడదడలాడుతోంది. క్రేట్లు దించేవాళ్లు, వేలం పాడేవాళ్లు, లారీని వెనక్కి తీయిస్తూ "రానీ, రానీ" అని బాడీ మీద చరిచే క్లీనర్లు. చెప్పుల కింద చితికిన కాయల జిగట. మీకు కాయలతో పని లేదు. మెకానిక్ షెడ్ల వరస దాటి, చివరన కాటా వేలాడుతున్న పాత ఇనుప సామాన్ల అంగడి ముందు ఆగుతారు. రాత్రి ఫోనుకు వచ్చిన ఫొటో ఒక్కటే ఆధారం: సైకిలు రిమ్ముల కుప్ప వెనక నిలువెత్తు చెక్కపెట్టె, దాని మొహాన పగలని అద్దం.

అంగడాయన లుంగీ ఎగ్గట్టి ముందు నడుస్తాడు.

"ఆ పెట్టేనా సార్? లోపల టీవీ ఉండాది. ట్యూబు మెడకాడ రాగిచుట్ట ఉంటాది గదా, దానికని తెచ్చినా. చెక్కంతా పొయ్యిలోకే."

"రాగి తీసేశారా?"

"యాడ సార్, టయిము దొరకలా."

ఆయనకు టయిము దొరకకపోవడం మీ అదృష్టం. రిమ్ములు పక్కకు లాగుతారు. అడుగున ప్లైవుడ్డు నీళ్లు తాగి ఉబ్బింది. పక్కచెక్క మీద సైన్‌బోర్డు పెయింటరు వేసిన బొమ్మ: తలకు ఎర్రగుడ్డ కట్టుకుని పిడికిలి ఎత్తిన మనిషి. జపాన్ వాడని వేశాడు గానీ మీసం పెట్టకుండా ఉండలేకపోయాడు. కంట్రోల్ ప్యానెల్ మీద రెండు జాయ్‌స్టిక్కులు. ఒకదానికి గుండు ఊడిపోయి ఇనుప కడ్డీ మిగిలింది. చేత్తో దుమ్ము తుడిచి బటన్లు లెక్కపెడతారు. ఎడమ మూడు, కుడి మూడు. ఇంకో మూడు ఉండి ఊడిపోయాయేమోనని కింద వేలితో తడుముతారు. రంధ్రాలు లేవు. సన్‌మైకా నున్నగా ఉంది.

ఈ పెట్టెలోది స్ట్రీట్ ఫైటర్ టూ, ఆరు బటన్ల ఆట. పైవరస మూడూ గుద్దులు: చిన్నది, నడిమిది, పెద్దది. కిందివరస మూడూ తన్నులు, అదే లెక్కన. జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ 1991లో దాన్ని అలాగే వదిలింది. మరి ఈ పెట్టెకు మూడే ఎందుకున్నాయి? దీని వైరింగు జామా పద్ధతిది. 1980ల నడుమ జపాన్ ఆటయంత్రాల తయారీదారుల సంఘం ఒక కొలత ఖాయం చేసింది. బోర్డు అంచున పైన 28, కింద 28, మొత్తం 56 పిన్నులు. ఎవరి బోర్డయినా అదే కనెక్టరులో దూరాలి. ఒక ఆట పాతబడితే పెట్టె మార్చే పని లేదు, బోర్డు ఊడబెరికి ఇంకోటి తోస్తే చాలు. అలాగే మన ఊళ్లలో స్ట్రీట్ ఫైటర్ పోయిన పెట్టెలోకే 'ముస్తఫా' వచ్చాడు. ఆ ఆట అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్ అయితే మనకేం, కాకపోతే మనకేం. ఆ కొలత పెట్టినవాళ్లు ఆటగాడికి మూడు బటన్లు సరిపోతాయనుకున్నారు. గుద్దులు మూడూ ఆ పిన్నుల్లోనే వచ్చేస్తాయి. తన్నులకు బోర్డు మీద వేరే కనెక్టరు, దాన్నుంచి వేరే వైరు కట్ట లాగాలి. లాగకపోయినా ఆట ఆగదు, గల్లా నిండుతుంది. తన్నులు మాత్రం ఉండవు.

ఈ పెట్టెకు ఆ వైరు కట్ట ఎవరూ లాగలేదు.

ఇప్పుడు రిమ్ములన్నీ మరిచిపోయి తొంభైల నడిమికి వెళ్లి దీని ముందు నిలబడండి. సినిమా హాలు సందులో ఒంటి గది అంగడి. తెర మీద ఎండ పడకుండా వాకిలికి దుప్పటి కట్టారు. లోపల బీడీ వాసన, చెమట వాసన, వేడెక్కిన ట్రాన్స్‌ఫార్మరు వాసన. మూలన స్కూలు సంచులు కుప్ప. ఆడేది ఇద్దరు, చూసేది పదిమంది, బయట కాపలా ఒకడు. ఎవడి నాయన సైకిలు సందులోకి తిరిగినా కేక వెయ్యడం వాడి ఉద్యోగం. జీతం ఒక ఆట. "ఇంగో కాయినియ్యన్నా" అని చెయ్యి చాపితే, బల్ల వెనక కూర్చున్నాయన తల ఎత్తకుండానే రూపాయి తీసుకుని కాయిను అందిస్తాడు.

చున్‌లీని పట్టుకున్నవాడి గతి చూడండి. ఆ పిల్ల బలమంతా కాళ్లలో ఉంది. తన్ను బటను టకటక నొక్కితే మెరుపులా కాలు ఆడించడం, తలకిందులై కాళ్లు గిరగిర తిప్పడం ఆమె విద్యలు. బటనే లేకపోతే రెండూ లేవు. గైల్‌కు చేతులతో విసిరే సోనిక్ బూమ్ ఉంది గానీ, వెనక్కి పల్టీ కొడుతూ తన్నే తన్ను లేదు. రియు, కెన్ గాల్లో తిరుగుతూ తన్నే విద్య మరిచారు. నిప్పుబంతి, పైకెగిరే పిడికిలి మిగిలాయి. అదే హోండాను చూడండి. నూరు చేతులతో బాదే బాదుడూ గుద్దు బటనుతోనే, బాణంలా తలతో దూసుకురావడమూ గుద్దు బటనుతోనే. బ్లాంకా ఒంట్లో కరెంటు, వాడి దొర్లుడు కూడా అంతే. జాంగీఫ్ మూడు గుద్దులూ ఒకేసారి నొక్కి చేతులు చాచి బొంగరంలా తిరుగుతాడు. మన ధాల్సిమ్, మెళ్లో మూడు పుర్రెలు, వెనక ఏనుగుల ఘీంకారం, ఊరి బీదజనం కోసం డబ్బు కూడబెట్టాలని కొట్లాటకు దిగిన యోగి, వాడి నోటి మంటలకు తన్నుతో పనే లేదు. ఇక ఈ ఆటలోని బాక్సరు సంగతి ఇంకా తమాషా. వాడికి తన్నడమే రాదు. ఆరు బటన్లున్న పెట్టెలో కూడా వాడివి ఆరూ గుద్దులే.

అంటే ఈ గదిలో ఆట వేరు. టోక్యోలోనో కాలిఫోర్నియాలోనో చున్‌లీతో గెలిచినవాడిని తెచ్చి ఇక్కడ నిలబెడితే రెండు రూపాయలు పోగొట్టుకుని పోతాడు. ఇక్కడి రాజు హోండా. పుస్తకాల్లో రాసే బలాబలాల పట్టికలు ఈ దుప్పటి దాటి లోపలికి రాలేదు. నన్నడిగితే, ఆ ఆట ఆడినవాళ్లలో చాలామందికి తాము సగం ఆట ఆడుతున్నామని తెలియనే తెలియదు. తెలియనిదానికి లోటేముంది?

వెనక తలుపు తీయండి. బల్లి గుడ్లు, ఎండిన సాలెగూడు, తీగకు వేలాడే డబ్బుల డబ్బా. బోర్డు నిలువుగా నాలుగు స్క్రూల మీద ఉంది. సెల్లు లైటు వేస్తారు. క్యాప్‌కామ్ సొంత బోర్డయితే మూడు అంతస్తులుండాలి, ఒకదాని మీద ఒకటి మూడు బోర్డులు, కంపెనీ గుర్తున్న పెద్ద చిప్పులు. ఇది రెండే అంతస్తులు. కంపెనీ పేరు ఎక్కడా లేదు. 64 కాళ్ల 68000 ప్రాసెసరు, పక్కన శబ్దానికి జెడ్80, మిగతా మైదానమంతా చిన్నచిన్న మామూలు చిప్పులు. క్యాప్‌కామ్ ఆ పెద్ద చిప్పుల్లో పెట్టినదాన్ని ఎవరో బజారు చిప్పులతో కూర్చి కట్టారు. దొంగ కాపీ. జాయ్‌స్టిక్కు పట్టుకున్న ఏ పిల్లాడూ ఈ తలుపు తీసి చూసి ఉండడు.

"ఈ చీటీలేంది సార్?" అంటూ అంగడాయన ఒక చిప్పు మీది స్టిక్కరు గోటితో లేపబోతాడు. చెయ్యి పట్టుకుని ఆపండి. ఆ స్టిక్కరు కింద గాజు కిటికీ ఉంది. ఆట అంతా ఇలాంటి కిటికీల వెనకున్న సిలికాన్ ముక్కల్లో ఉంది. అతినీలలోహిత కాంతి తగిలితే చెరిగిపోతుంది. ఒక వారం ఎండన పడేస్తే చాలు. ఇన్నేళ్లూ దీన్ని కాపాడింది ఆ కాగితం ముక్కే.

పక్కనే బుల్లి స్విచ్చుల వరసలు మూడు. కష్టం ఎంత ఉండాలో ఎంచుకునేది వీటితోనే, ఎనిమిది మెట్లు. వరస చూస్తే అంతా చివరి మెట్టుకు తోసి ఉంది. కంప్యూటరు అంత మొండిగా ఎందుకు కొట్టేదో ఇప్పుడర్థమైందా? కాయిను త్వరగా అయిపోవాలి గదా.

బేరం కిలోల లెక్కన తెగుతుంది. చెక్కకు ధర లేదు, ఇనుముకు ఉంది, రాగికి ఎక్కువ ఉంది. "ఆటకేం లేదా?" అని మీరడిగితే ఆయన నవ్వుతాడు. "ఆట బరువెంత సార్?"

టాటా ఏస్‌లో పెట్టెను పడుకోబెట్టి, ట్యూబు కింద రెండు పాత పరుపులు పరిచి, బోర్డును మాత్రం తువ్వాల్లో చుట్టి ఒళ్లో పెట్టుకుంటారు. హార్స్‌లీ కొండ వెనకబడింది. డ్రైవరుది పుంగనూరే. కాసేపు ఊరుకుని, ఇంక ఆగలేక అడిగేస్తాడు. "ఇట్లాంటిది మా ఇంట్లో గూడా ఉన్నిందన్నా, టీవీకి పెట్టేది. కుంగ్‌ఫూ అని. ఐదు మిద్దెలు ఎక్కాల. కావల్నా?"

వద్దని ఎలా అంటారు? పుంగనూరులో వాళ్ల ఇంటి ముందు బండి ఆగుతుంది. వాళ్లమ్మ చెంబుతో నీళ్లిచ్చి, "ఆ పాడు డబ్బా కోసమా నాయనా ఇంత దూరం" అంటూనే అటక మీదికి కర్ర చూపిస్తుంది. దుమ్ముపట్టిన పసుపురంగు క్యాసెట్టు. మీద వేలల్లో ఆటలున్నట్టు అంకె. లోపల ఉండేది అవే కొన్ని ఆటలు, పేర్లు మార్చి తిప్పి తిప్పి. విప్పితే చిప్పు ఉండదు, నల్లటి లక్క ముద్ద ఉంటుంది. అది చెడితే బాగుచేసే దారి లేదు.

కానీ ఈ కుంగ్‌ఫూను చులకన చెయ్యకండి. మీ ఒళ్లో ఉన్న బోర్డుకు ఇది పెద్దన్న. 1984లో ఐరెమ్ కంపెనీలో తకాషి నిషియామా చేసిన ఆటకు ఇంటి రూపం ఇది. జాకీ చాన్ సినిమాకు జపాన్‌లో పెట్టిన స్పార్టన్ ఎక్స్ అన్న పేరే అక్కడ ఆటకూ పెట్టారు. థామస్ అనేవాడు ఐదంతస్తులు తన్నుకుంటూ ఎక్కి సిల్వియాను విడిపించాలి. ఎదురొచ్చినవాళ్లలో చాలామంది కొట్టరు, వచ్చి వాటేసుకుంటారు, ప్రాణం కారిపోతూ ఉంటుంది. ఆ నిషియామానే క్యాప్‌కామ్‌కు మారి 1987లో హిరోషి మత్సుమోటోతో కలిసి మొదటి స్ట్రీట్ ఫైటర్ చేశాడు. రెండోది వచ్చేసరికి అక్కడ లేడు. ఎస్‌ఎన్‌కేకు వెళ్లి ఫేటల్ ఫ్యూరీ, ఆ తర్వాత కింగ్ ఆఫ్ ఫైటర్స్ వరసకు పునాది వేశాడు. పుంగనూరు అటక మీద, మదనపల్లె సందులో, ఇప్పుడు మీరు పోబోయే కుప్పంలో పిల్లలు తన్నులు నేర్చింది చాలావరకు ఒకే మనిషి బుర్రలోంచి.

క్యాసెట్టు ఊరికే తీసుకోమంటాడు డ్రైవరు. వాళ్లమ్మ ఒప్పుకోదు. "ఉండనీరా, వాడి జ్ఞాపకం" అంటుంది. 'వాడు' ఎవరో మీరు అడగరు.

పలమనేరు దాటుతుంటే పశు పరిశోధన కేంద్రం వస్తుంది. నడుమెత్తు కూడా లేని పుంగనూరు ఆవును ఇక్కడ కాపాడుతున్నారు. ఇప్పుడా ఆవు మోజు పెరిగి ఎక్కడెక్కడివాళ్లో అసలు జాతిదేనా, సంకరమా అని ఆరా తీసి కొంటున్నారు. ఆట బోర్డులు సేకరించేవాళ్ల చూపూ అచ్చం ఇలాంటిదే: క్యాప్‌కామ్ గుర్తుందా, అట్టపెట్టె ఉందా, స్టిక్కరు చిరగలేదా. కాపీ బోర్డును వాళ్లు చేత్తో ముట్టరు. అది వాళ్ల ఇష్టం. అయితే ఒక చిక్కుంది. 1993లో సూపర్ స్ట్రీట్ ఫైటర్ టూ నుంచి క్యాప్‌కామ్ వాడిన సీపీఎస్-2 బోర్డులో కాపీ కొట్టకుండా ఆటను సంకేతభాషలో దాచారు. తాళంచెవి చిన్న బ్యాటరీ మీద బతికే మెమరీలో ఉంటుంది. బ్యాటరీ అయిపోతే తాళంచెవి మాయం, బోర్డు చచ్చినట్టే. సేకరించేవాళ్లు దానికి సూసైడ్ బ్యాటరీ అని పేరు పెట్టారు. పెట్టెలో భద్రంగా దాచిన అసలు బోర్డులు ఎవరూ ముట్టకుండానే ఒక్కొక్కటే పోయాయి. 2016లో ఎడ్వర్డో క్రూజ్, ఆయన మిత్రులు ఆ తాళంచెవులను చిప్పులోకి తిరిగి ఎక్కించే దారి కనిపెట్టాకే చచ్చిన బోర్డులు లేచి కూర్చున్నాయి. మీ తువ్వాల్లో ఉన్నదానికి అలాంటి బ్యాటరీ లేదు. దాచుకోవాల్సిన రహస్యం దొంగకేముంటుంది?

వి.కోట మీదుగా కుప్పం చేరేసరికి పొద్దు వాలుతుంది. ఇక్కడ అంగడి బోర్డు తెలుగులో ఉంటుంది, లోపల బేరం తమిళంలో సాగుతుంది, పాట కన్నడది వస్తుంది. ఎవరికీ ఇబ్బంది లేదు. రైల్వే స్టేషను దగ్గరి టీవీ మెకానిక్కుకు ముందే చెప్పి ఉంచారు. ఈ మధ్య ఆయనకు ఎల్ఈడీ ప్యానెళ్లు మార్చడమే పని. పిక్చర్ ట్యూబు దించగానే కళ్లలో వెలుగు. "ట్యూబు జూసి ఎన్నేండ్లాయె సార్!"

ఆయన తొందరపడడు. బోర్డు తువ్వాలు విప్పి, పిల్లాడి కంపాసు పెట్టెలోంచి రబ్బరు తీసి, అంచున ఉన్న పిన్నులను పలకమీద తప్పు చెరిపినంత శ్రద్ధగా రుద్దుతాడు. నల్లటి పొట్టు రాలుతుంది. కింద రాగి మెరుస్తుంది. సాకెట్లలో చిప్పులను బొటనవేలితో ఒక్కొక్కటే నొక్కుతాడు, 'కిర్' మని కూర్చుంటాయి. పవర్ సప్లయి కెపాసిటర్లు రెండు పైన ఉబ్బాయి, కొత్తవి వేస్తాడు. మీటరు పెట్టి ఐదు వోల్టులు తిన్నగా ఉన్నాయా చూస్తాడు. ఆపైన ఇన్నేళ్లు పడుకున్న మానిటరుకు ఒక్కసారిగా కరెంటు ఇవ్వకుండా నూరు వాట్ల బల్బు సిరీస్‌లో కడతాడు. లోపల షార్టుంటే బల్బు భగ్గున వెలుగుతుంది. స్విచ్చు వేశాడు. బల్బు ఒక్కసారి మెరిసి, ఎర్రబడి, చిన్నబోయింది.

"బతికుండాది" అన్నాడు.

ట్యూబు మెడలో నారింజరంగు. 'టిక్' మని చప్పుడు. చేతి మీది వెంట్రుకలు అద్దం వైపు లేస్తాయి. తెర మీద గీతలు, గీతల్లోంచి రంగులు, రంగుల్లోంచి ఆట పేరు. పసుపు మరీ ఎక్కువగా ఉంది. ఒక నాబు తిప్పితే సర్దుకుంది. కాయిను వేసే యంత్రం తుప్పుపట్టింది కాబట్టి కాయిను వైరును పట్టకారుతో గ్రౌండుకు తాకిస్తాడు. క్రెడిట్ ఒకటి. మళ్లీ తాకిస్తాడు. రెండు. మూడు. తొమ్మిది. రూపాయి కోసం ఇంట్లో పోపుడబ్బాలు వెతికిన తరానికి ఇంతకంటే సంపద ఉండదు.

రియును ఎంచుకుంటారు. గాల్లోకి ఎగిరి, కింద, ఏటవాలు, ముందు, గుద్దు. నిప్పుబంతి గాల్లోనే వదిలాడు! అది తిన్నగా కూడా పోలేదు, ఎదుటివాడు ఎటు పోతే అటు మెల్లగా తేలుతూ వెంటపడింది. స్టార్ట్ బటను నొక్కితే రియు కొట్లాట నడిమిలోనే జాంగీఫ్ అయ్యాడు.

బెంగుళూరు హాస్టల్లో ఈ మాట చెబితే మిమ్మల్ని ఎవరూ నమ్మలేదు, గుర్తుందా? స్ట్రీట్ ఫైటర్‌లో గాల్లో బాల్ వెయ్యడం కుదరదురా, కోతలు కొయ్యకు అన్నారు. అది కోత కాదు. 1992లో క్యాప్‌కామ్ తెచ్చిన ఛాంపియన్ ఎడిషన్‌ను తైవాన్‌లో ఎవరో విప్పి, ఇలా మార్చి అమ్మారు. రెయిన్‌బో ఎడిషన్ అని దానికి పేరు. నిబంధనలన్నీ చెడగొట్టిన ఆ కాపీల వేగానికి జనం ఎగబడటం చూసే క్యాప్‌కామ్ అదే ఏడాది తన ఆటను వేగం పెంచి, ధాల్సిమ్‌కు మాయమయ్యే విద్య ఇచ్చి, టర్బో పేరుతో మళ్లీ దింపింది. అసలువాడు దొంగ దగ్గర పాఠం నేర్చుకున్నాడు. మొత్తానికి, ఒరిజినల్ బోర్డు కొని ఇంట్లో పెట్టుకుంటే మీకు దొరికేది ఎవరో ఇంకొకరి చిన్నతనం. మీది ఇదిగో, పేరు లేని ఈ పచ్చబోర్డులో ఉంది. అందుకే ఎవరైనా కాపీ బోర్డు పారేస్తుంటే నాకు కడుపు మండుతుంది.

మెకానిక్కు కొడుకు ఫోను పక్కన పెట్టేశాడు. "గాల్లో ఎట్టేసినాడు నాయనా?"

"నాకేం తెలుసురా, నేను 97 గాణ్ణి" అంటాడు ఆయన, కింగ్ ఆఫ్ ఫైటర్స్ 97 అన్నమాట. దానికి నాలుగు బటన్లు. ఇయోరీతో ఇదే స్టేషను రోడ్డులో తనను కొట్టినవాడు లేడట. మాట్లాడుతూనే బోర్డు మూల ఉన్న రెండో కనెక్టరు మీద వేలు పెడతాడు. ఏనాడూ వైరు తగలని పిన్నులు తళతళలాడుతున్నాయి. "తన్నులు ఈడ ఉండాయి సార్. అర్ధగంట పని. ప్యానెల్లో ఇంగో ఆరు బెజ్జాలు కొట్టిద్దామా?"

సాల్డరింగ్ కడ్డీ వేడెక్కే ఉంది. మీరు ప్యానెల్ వైపు చూస్తారు. అరిగిన మూడు బటన్లు, వాటి కింద నున్నటి సన్‌మైకా.

"వద్దన్నా. ముందు ఇట్లే ఒక ఆట ఆడదాం."

"తన్నుల్లేకుండానా?" ఆయన స్టూలు లాక్కుని గుండు లేని జాయ్‌స్టిక్కు తనే తీసుకున్నాడు, కడ్డీకి గుడ్డముక్క చుట్టుకుని. చున్‌లీని ఎంచుకున్నాడు. మీరు హోండా. మొదటి రౌండు నిమిషం కూడా పట్టలేదు. నూరు చేతుల దెబ్బకు చున్‌లీ మూలకు చేరి లేవలేకపోయింది. రెండో రౌండులో ఆయన రెండు దెబ్బలు తిని, స్టార్ట్ బటను మీద వేలు ఆనించి, మీ హోండా బాణంలా లేవగానే నొక్కాడు. చున్‌లీ ఉన్నచోట బ్లాంకా ఉన్నాడు, ఒళ్లంతా కరెంటు.

"నాయనా, ఆ పచ్చోడే! ఆ పచ్చోడే ఉండనీ!" అని పిల్లాడు ఎగురుతున్నాడు. మూడో రౌండు గంట కొట్టింది.